పెట్రోల్ మూత

దసరా మర్నాడు ఉదయం ఆరున్నరకు లక్ష్మీనర్సయ్య షెడ్డు తాళం తీశాడు. లాలాగూడ వర్క్‌షాపు సైరన్ అప్పుడే ఆగింది. యూనివర్సిటీ భూముల అంచున, తార్నాక వైపు, ఫ్లయింగ్ క్లబ్బుకు ఒక షెడ్డు, ఒక మట్టి రన్‌వే, ఒక విమానం ఉన్నాయి. విమానంలో రెండు సీట్లు. దాన్ని తోక పట్టుకుని ఒక మనిషి బయటకు లాగవచ్చు. లక్ష్మీనర్సయ్య పదకొండేళ్లుగా లాగుతున్నాడు. రిజిస్టరులో అతను ఇప్పటికీ టెంపరరీ హెల్పరు.

నవమి నాడు ఆయుధపూజ చేశారు. విమానం ముక్కున ఉన్న పంఖాకు వేసిన బంతిపూల దండ వాడిపోయింది. దాన్ని తీసి ఎవరూ తొక్కని చోట గోడ మీద పెట్టాడు. బొట్లు మాత్రం అలాగే ఉంచాడు. పూజ బొట్టు తనంతట తాను రాలాలి గాని చేత్తో తుడవరు.

పెట్రోల్ ట్యాంకు మూత విమానం ముక్కు మీద, అద్దానికి జానెడు ముందు ఉంటుంది. మనిషికైతే అది నుదురు. ఏటా పెద్ద బొట్టు అక్కడే పెడతాడు. మూతను అంచు పట్టుకుని, బొట్టుకు వేలు తగలకుండా తిప్పి తీశాడు. గుడ్డ పరిచి దాని మీద పెట్టాడు. గరాటులో తోలు వేసి, డ్రమ్ములోంచి క్యానుతో తెచ్చిన పెట్రోలు నాలుగు విడతలుగా వడపోశాడు. ట్యాంకు నిండింది. మూతను మళ్లీ అంచు పట్టుకునే బిగించాడు.

తర్వాత విమానం కిందికి వంగి, ట్యాంకు అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పి గాజు సీసాలోకి గుక్కెడు పెట్రోలు పట్టాడు. పెట్రోలులో నీళ్లుంటే అడుగున పూసల్లా చేరతాయి. సీసా కదలకుండా పట్టుకుని నూరు లెక్కపెట్టాడు. పూసలు లేవు.

ఏడింటికి ఇన్‌స్ట్రక్టరు పార్థసారథి స్కూటరు మీద వచ్చాడు. వెనక కొమురెల్లి కూర్చుని ఉన్నాడు. కొమురెల్లి ఎమ్మెస్సీ విద్యార్థి. జనగామ దగ్గర పల్లె వాడు, అడిక్‌మెట్‌లో గది తీసుకుని ఉంటున్నాడు. అతనికది ఆరో పాఠం. లక్ష్మీనర్సయ్య సీసాను మౌలాలి గుట్ట మీదికి వచ్చిన ఎండకు ఎత్తి చూపించాడు. పార్థసారథి కళ్లద్దాలు సర్దుకుని చూసి, సరే అన్నట్టు తలూపాడు. రోజూ అంతే. సీసా చూపించాలి, ఆయన తలూపాలి, అప్పుడే పంఖా తిప్పాలి.

పార్థసారథి రెక్కలు, తోక తడుముతూ విమానం చుట్టూ తిరిగాడు. ముక్కు దగ్గర ఒక్క క్షణం ఆగి బొట్టుకు దండం పెట్టుకున్నాడు. పండుగకు ఏం వండారని లక్ష్మీనర్సయ్యను అడిగాడు. భార్య బచ్చాలు చేసిందని చెబితే, మరి నా బొబ్బట్లేవి అన్నాడు. ఆయనా, కొమురెల్లీ ఎక్కారు.

లక్ష్మీనర్సయ్య పంఖా తిప్పాడు. మూడోసారికి ఇంజను అందుకుంది. చక్రాల కింది చెక్కలు లాగి పక్కకు తప్పుకున్నాడు. విమానం రన్‌వే కొసకు వెళ్లి గాలికి ఎదురు తిరిగింది. అక్కడ ఆగి ఇంజను హెచ్చించి, తగ్గించి చూసుకున్నారు. తర్వాత పరుగు మొదలైంది.

అతను ఎప్పుడూ విమానాన్ని చూడడు. తల వంచి చప్పుడు వింటాడు. చప్పుడు ముందుకు సాగింది, పైకి లేచింది, సన్నబడసాగింది. ఉన్నట్టుండి తగ్గింది. ఒకసారి పుంజుకుంది. మళ్లీ తగ్గింది. ఆగిపోయింది.

తలెత్తేసరికి విమానం రెండు వందల అడుగుల ఎత్తులో ఉంది. ఎదురుగా యూనివర్సిటీ రోడ్డు. సీతాఫలాల గంపలు దించుకుని ఆడవాళ్లు, బస్సు కోసం నిలబడ్డ జనం. విమానం ఎడమకు తిరగబోయింది. ఎడమ రెక్క కిందికి వాలింది, మళ్లీ లేవలేదు. రన్‌వేకు, రోడ్డుకు మధ్య ఉన్న సీతాఫలం పొదల్లో ముక్కు గుచ్చుకుని పడింది. ఆ చప్పుడు ఒక క్షణం ఆలస్యంగా వినిపించింది.

పరుగెత్తాడు. దగ్గరికి వెళ్లేసరికి పెట్రోలు వాసన కొడుతోంది, ఇంకా మంట లేదు. ముందు లోపలికి చెయ్యి పెట్టి స్విచ్చి ఆపాడు, ఇంజనుకు పెట్రోలు పోయే కుళాయి కట్టేశాడు. కొమురెల్లిని చంకల కింద పట్టి బయటకు లాగాడు. కొమురెల్లికి స్పృహ లేదు. పార్థసారథి కుడికాలు ఇరుక్కుంది. రోడ్డు మీది మనుషులు వచ్చాక నలుగురూ కలిసి రేకు వంచి తీశారు. ఆయన నోట్లోంచి రక్తం వస్తున్నా, అబ్బాయి సంగతేమిటని అడుగుతూనే ఉన్నాడు.

ఇద్దరినీ యూనివర్సిటీ వ్యానులో సర్కారు దవాఖానకు పంపించాక లక్ష్మీనర్సయ్య కింద చూశాడు. ట్యాంకు మెడ చీలింది. పెట్రోలు గడ్డిలోకి ఇంకుతోంది. మూత ఊడి పక్కన పడి ఉంది. ఊడిన సామాను నేల మీద ఉంచకూడదన్నది అతని చేతులకు అలవాటు. మూత తీసి చొక్కా జేబులో వేసుకుని, బీడీ ముట్టించబోతున్న ఒకణ్ణి దూరంగా తోసేయడానికి వెళ్లాడు.

*

మర్నాడు పొద్దున గ్రౌండ్ ఇంజనీరు సూర్యనారాయణ షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనది కాకినాడ వైపు. క్లబ్బులో లైసెన్సు ఉన్న ఇంజనీరు ఆయనొక్కడే. రోజూ పొద్దున విమానాన్ని చూసి తనిఖీ కాగితం మీద సంతకం చేయాలి. ఆయన ముందురోజు సాయంత్రమే సంతకం చేసి వెళ్లేవాడు. దసరాకు మాత్రం మూడు రోజుల కాగితాలు ఒక్కసారే చేసి వెళ్లాడు. అది ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆయన లక్ష్మీనర్సయ్యకు టీ తెప్పించాడు. ఢిల్లీ నుంచి విచారణ అధికారి మధ్యాహ్నానికి దిగుతాడని, గెస్ట్‌హౌసులో ఉంటాడని చెప్పాడు. ఇంజను అలా పుంజుకుని ఆగిందంటే పెట్రోలు అందకపోవడమే కారణమని, పెట్రోలు అందలేదంటే అందులో నీళ్లుండటమేనని వివరించాడు. ఆ మాటలన్నీ స్టూలు పక్కన కాగితం మీద ఇంగ్లీషులో అప్పటికే రాసి ఉన్నాయి. కింద సంతకానికి చోటు ఉంది.

"నీళ్లు లేవు సార్. సీసల పట్టిన, నూరు లెక్కవెట్టిన. పార్థసారథి సారుకు చూపెట్టిన."

"నువ్వు అబద్ధమాడుతున్నావని నేనట్లేదు నర్సయ్యా. పండగ మర్నాడాయె. ముందురోజు కాస్త పుచ్చుకుని ఉంటావు. చూశాననే అనుకుని ఉంటావు. మనిషన్నాక మరుపుండదూ?"

"కల్లు తాగిన మాట నిజమే. పొద్దుగాల సీస చూసిన మాట గూడ నిజమే."

"చూసింది నువ్వు. తలూపింది ఆయన. ఆయన చూస్తే నోరు పగిలి పడున్నాడు, మాట లేదు. నీ మాట ఎవరు నమ్ముతారు?"

లక్ష్మీనర్సయ్య టీ గ్లాసు ముట్టలేదు. సంతకం పెట్టనన్నాడు. సూర్యనారాయణ కోప్పడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సాయంత్రం దాకా ఆలోచించుకోమన్నాడు. మరుపు అని రాస్తే నెల జీతం కోసి వదిలేస్తారని, మొండికేస్తే పోలీసు కేసవుతుందని, విమానం పడగొట్టినవాడంటే రేపు సైకిలు షాపువాడు కూడా పనివ్వడని చెప్పాడు.

మధ్యాహ్నం అధికారి వచ్చాడు. యాభై దాటిన మనిషి, తలపాగా లేని పంజాబీ. ముందుగా పొదల దగ్గరికి వెళ్లి, కాపలా కానిస్టేబులును దూరం జరిపి, గంటసేపు విమానం చుట్టూ తిరిగాడు. ఇంజనులో చిక్కిన పెట్రోలు రెండు సీసాల్లో పట్టించి సీలు వేయించాడు. డ్రమ్ములోంచి ఇంకో సీసా పట్టించాడు. లక్ష్మీనర్సయ్యను ఉర్దూలో నాలుగే ప్రశ్నలడిగాడు. ఎంత పోశావు, దేంతో వడపోశావు, సీసా చూశావా, ఎవరికి చూపించావు. జవాబులు రాసుకున్నాడు గాని నమ్మినట్టు, నమ్మనట్టు మొహంలో ఏమీ లేదు.

సాయంత్రం లక్ష్మీనర్సయ్య ఇంటికి నడిచాడు. తార్నాక చౌరస్తా వెనక వాళ్లది ఒక గది. భార్య ప్రమీలమ్మ వాకిట్లో రక్తం మరకల చొక్కాను సబ్బు నీళ్లలో ముంచబోతూ జేబులు తడిమింది. మూత బయటకు తీసి చూసింది. గబగబా లోపలికి వచ్చింది.

"చూసినవా, బొట్టు ఎట్ల నిలిచిందో. విమానమంత నుగ్గయినా ఇది చెదరలే. అమ్మవారే ఇద్దరి పానాలు కాపాడింది."

ఆమె గొంతులో సంతోషం ఉంది. పోయినేడు గంధం జారి కారిపోయిందని, ఈసారి పట్టు కోసం చిటికెడు మైదా కలిపి నూరానని నవమి నాడే చెప్పింది. ఇప్పుడు మళ్లీ చెప్పింది. మూతను దేవుడి పటం ముందు పెట్టబోయింది.

అతను చెయ్యి చాపి తీసుకున్నాడు. దీపం దగ్గరికి వెళ్లాడు. గంధం రూపాయి బిళ్లంత, పైన కుంకుమ. గోరుతో తడితే రాయిలా ఉంది. మూతను తిప్పాడు. లోపలి వైపు నడుమ జొన్నగింజంత బెజ్జం కనిపించింది. బయటి వైపు కనిపించలేదు.

పాత మూతకు పక్కన వంకర గొట్టం ఉండేది. పెట్రోలు దిగినకొద్దీ గాలి దాంట్లోంచి ట్యాంకులోకి పోయేది. శ్రావణంలో ఆ గొట్టం విరిగితే వేరే మూత తెచ్చి బిగించారు. దానికి గొట్టం లేదు, నడుమ బెజ్జం ఉంది. బిగించింది తనే. పూజ నాడు బొటనవేలితో గంధం అద్దింది తనే. ఏటా పెట్టే చోటనే పెట్టాడు.

మూతను నోటికి ఆనించి లోపలి వైపు నుంచి ఊదాడు. గాలి వెళ్లలేదు. బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊదాడు.

ఏం చేస్తున్నావని ప్రమీలమ్మ అడిగింది. దుమ్ము చూస్తున్నానన్నాడు. ఆ పూట అన్నం సగం వదిలేశాడు. మూత దేవుడి దగ్గర పెట్టనీయలేదు, పని సామాను ఇంట్లో ఉండొద్దని ప్యాంటు జేబులో వేసుకున్నాడు.

*

మూడోనాడు పదింటికి సూర్యనారాయణ ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పుడూ వేసేవాడు కాదు. పార్థసారథికి తెలివి బాగా వచ్చిందని, నోటికి కుట్లున్నా అధికారికి కాగితం మీద రాసి చూపించాడని చెప్పాడు. సీసా చూశాను, నీళ్లు లేవు, నర్సయ్య మీద అనుమానం పెట్టుకోవద్దు అని రాశాడట. సీలు వేసిన సీసాల్లో కూడా నీళ్లు కనిపించలేదట.

"నీ గండం గడిచింది. ఆ కాగితం నేను చింపేశాను" అన్నాడు సూర్యనారాయణ.

పొదల దగ్గర నలుగురు కానిస్టేబుళ్లు కర్రలతో గడ్డి దులుపుతున్నారు. అధికారి దొరకని సామాను జాబితా చదువుతున్నాడు. ఎడమ తలుపు కొక్కెం. ఒక నట్టు. పెట్రోల్ ట్యాంకు మూత. ఎవరైనా ఎత్తుకుపోయారా అని చుట్టూ చూశాడు. సీతాఫలాల వాళ్లు పిల్లలకు ఆటకిచ్చి ఉంటారని కానిస్టేబులొకడు అన్నాడు. అధికారి చూపు లక్ష్మీనర్సయ్య మీద ఆగింది, దాటిపోయింది. లక్ష్మీనర్సయ్య జేబులోంచి చెయ్యి తీయలేదు. మూత చేతికి వెచ్చగా తగులుతోంది.

మధ్యాహ్నం షెడ్డులో ఇంజనును విప్పారు. ప్రతి భాగమూ లక్ష్మీనర్సయ్యే కిరోసిన్‌లో కడిగి గోనె మీద వరసగా పెట్టాడు. అధికారి ఒక్కొక్కటే ఎత్తి చూసి పెట్టేశాడు. దేంట్లోనూ దోషం లేదు. చివరికి చేతులు తుడుచుకుంటూ సూర్యనారాయణతో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆయన వెళ్లాక సూర్యనారాయణ ఆ మాటలు తెలుగులో చెప్పాడు. మిషను బాగుంది, పెట్రోలు బాగుంది. ఇక మిగిలింది మనిషి. పైలట్ దేన్నో అటుదిటు తిప్పి ఇంజను ఆపుకున్నాడు. ఆగాక నేరుగా దిగాల్సింది వెనక్కి తిరిగాడు, అది రూలుకు విరుద్ధం. పార్థసారథి లైసెన్సు తీసేస్తారు. రేపు సాయంత్రం బండికి అధికారి వెళ్లిపోతాడు.

"నేరుగ దిగితే బస్సు కాడి జనం మీద పడుతుండె సార్."

"అదీ రాసుకున్నాడు. అయినా రూలు రూలే."

లక్ష్మీనర్సయ్య జేబులోంచి మూత తీసి గోనె మీద, ఇంజను భాగాల పక్కన పెట్టాడు. సూర్యనారాయణ దాన్ని చూశాడు. ఎత్తలేదు. వంగి చూశాడు. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. లేచి వెళ్లి షెడ్డు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఎవరైనా చూశారా?"

"నా ఇంటామె. ఆమెకు సంగతి ఎరుక లేదు."

"అయితే ఎవరూ చూడనట్టే. తార్నాక కాలవలో పడేయ్."

సూర్యనారాయణ గొంతు తగ్గించి, తొందర లేకుండా చెప్పాడు. గాలి బెజ్జం చూడటం తనిఖీ కాగితంలో ఏడో అంశం. దానికెదురుగా తన సంతకం ఉంది. మూత బయటపడితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. పార్థసారథి మద్రాసులో చదివాడు, అన్నదమ్ములు లాయర్లు, లైసెన్సు పోయినా ఏ కాలేజీలోనో చేరతాడు.

"నీకెవరున్నారు చెప్పు. పనోడి పొరపాటు పనోడి మీదికే వస్తుంది గానీ, ఎంత నిజాయితీగా చెప్పాడో అని ఎవడూ మెచ్చుకోడు. ఇద్దరూ బతికారు. అది చాలు."

అందులో అబద్ధం ఎక్కడుందో లక్ష్మీనర్సయ్యకు దొరకలేదు. మూత తీసి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

ఐదింటికి దవాఖానకు వెళ్లాడు. పార్థసారథి స్కూటరు తాళంచెవి ఇవ్వాలన్నది సాకు. కుడికాలికి పిండికట్టు, కాలు తాడుతో పైకి కట్టి ఉంది. పై పెదవికి కుట్లు. నెమ్మదిగా మాట్లాడగలుగుతున్నాడు. స్టూలు చూపించి కూర్చోమన్నాడు. తన కోసం అధికారికి రాసిచ్చినందుకు లక్ష్మీనర్సయ్య దండం పెట్టాడు. పార్థసారథి చెయ్యి ఊపి ఆ మాట కొట్టేశాడు.

ఆయన ఎడమ చెయ్యి దుప్పటి మీద కదులుతోంది. ముందుకు నెట్టడం, కాస్త వెనక్కి లాగడం, పక్కన ఏదో తిప్పడం. మళ్లీ మొదటినుంచి. కళ్లు పైకప్పు మీద ఉన్నాయి.

"మూడు రోజుల్నుంచి ఇదే చేస్తున్నాను నర్సయ్యా. ఎక్కడ తప్పిందో దొరకట్లేదు. నువ్వు బయట్నుంచి విన్నావుగా. చప్పుడు తగ్గే ముందు నేను థ్రాటిల్ లాగినట్టు అనిపించిందా?"

"లేదు సార్."

"నిజం చెప్పు. నాకోసం చెప్పకు."

"లేదు సార్. మీరు లాగలే."

"మరి నా చెయ్యే ఎక్కడో..." అని ఆగాడు. చెయ్యి మళ్లీ ముందుకు కదిలింది. "పదహారేళ్ల నుంచి నేర్పుతున్నాను. ఏం చేశానో తెలియకపోతే రేపు ఇంకొకడికి ఏమని నేర్పను?"

స్కూటరు తాళంచెవి దిండు పక్కన పెట్టి లక్ష్మీనర్సయ్య లేచాడు. ఇంటికి వెళ్లేటప్పుడు తార్నాక కాలవ మీద ఆగాడు. జేబులో చెయ్యి పెట్టుకుని, రెండు బస్సులు పోయేదాకా నిలబడ్డాడు. తర్వాత ఇంటికి వెళ్లిపోయాడు.

*

నాలుగోనాడు ఉదయం తొమ్మిదింటికి గెస్ట్‌హౌసు వరండాలో అధికారి కాగితాలు సర్దుకుంటున్నాడు. సూర్యనారాయణ ఎదురు కుర్చీలో ఉన్నాడు. లక్ష్మీనర్సయ్య మెట్లెక్కి, చెప్పులు విడిచి, మూతను బల్ల మీద పెట్టాడు.

ఎక్కడ దొరికిందని అధికారి ఉర్దూలో అడిగాడు. తన జేబులోనే ఉందన్నాడు. ఎప్పటినుంచి అంటే మొదటి రోజు నుంచి అన్నాడు. అధికారి మూతను తిప్పి చూశాడు. గుండుసూది తీసి లోపలి వైపునుంచి బెజ్జంలో గుచ్చాడు. సూది సగం దిగి ఆగింది. బల్ల మీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. దీని మీద వాంగ్మూలం కావాలి, రాయించమని సూర్యనారాయణతో చెప్పి, సిగరెట్ ముట్టించుకుని వరండా కొసకు వెళ్లాడు.

లక్ష్మీనర్సయ్య నిలబడే చెప్పాడు. మూత ఎప్పుడు మార్చింది, గంధం ఎవరు అద్దింది, పొద్దున పెట్రోలు పోసేటప్పుడు బొట్టు చెదరకుండా ఎట్లా పట్టుకుంది. సూర్యనారాయణ తల ఎత్తకుండా రాశాడు. రాయడం చెప్పడం కన్నా ముందే అయిపోయింది. కాగితం ఇటు తిప్పి పెన్ను ఇచ్చాడు.

లక్ష్మీనర్సయ్యకు ఇంగ్లీషు రాదు. సామాను పెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుంటాడు. జీతం రిజిస్టరులో తన పేరు ఎట్లా ఉంటుందో తెలుసు, పొడుగ్గా, ఎల్‌తో మొదలవుతుంది. కాగితం మీద వేలు పెట్టి ఒక్కో వరస వెతికాడు. మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా వచ్చాడు. సంతకం చేయాల్సిన చోట తప్ప ఎక్కడా లేదు.

"నా పేరేది సార్?"

"పూజలో ఎవరో పెట్టారని రాశాను. పదిమంది ఉన్న పూజ. ఎవరైతే ఏంటి?" అన్నాడు సూర్యనారాయణ. పెదాలు దాదాపు కదలలేదు. "నిన్ను కాపాడుతున్నాను. సంతకం పెట్టు."

"పదిమంది పెట్టలే సార్. నేనే పెట్టిన."

పెన్ను పట్టుకునే లక్ష్మీనర్సయ్య బల్ల మీది తెల్లకాగితం ఒకటి లాక్కున్నాడు. నిజాం కాలంలో ఆరో తరగతి దాకా చదివాడు. ఆ చదువంతా ఉర్దూలోనే. తెలుగు అతనికి మాట, ఉర్దూ రాత. కుర్చీ పక్కన నేల మీద మఠం వేసుకుని, కాగితాన్ని స్టూలు మీద పెట్టి, కుడి నుంచి ఎడమకు రాయడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లయింది ఇంత పొడుగు రాసి. కొన్ని అక్షరాల దగ్గర ఆగి గాల్లో వేలితో రాసి చూసుకున్నాడు.

సూర్యనారాయణ వంగి చూశాడు. ఆయనకు ఒక్క ముక్క తెలియలేదు. ఏం రాస్తున్నావు, నా పేరుందా అని రెండుసార్లు అడిగాడు. లక్ష్మీనర్సయ్య రాస్తూనే ఉన్నాడు.

అధికారి సిగరెట్ పారేసి వచ్చి కాగితం తీసుకున్నాడు. లాహోరులో చదువుకున్న మనిషి. కళ్లద్దాలు పెట్టుకోకుండా, పొద్దున పేపరు చదివినట్టు చదివాడు. ఒకచోట ఆగి లక్ష్మీనర్సయ్యను చూశాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. గంధం ఇంత గట్టిపడుతుందా, అందులో ఏమైనా కలిపారా అని అడిగాడు.

"ధూప్ సే, సాబ్" అన్నాడు లక్ష్మీనర్సయ్య. ఎండకు. ఆ నాలుగు రోజుల్లో అధికారికి అతను చెప్పిన అబద్ధం అదొక్కటే.

మూత మీద ఎన్నడైనా ఇంజనీరు చెయ్యి పెట్టి చూశాడా అని అధికారి అడిగాడు. ఆ రోజు పొద్దున ఇంజనీరు రాలేదని లక్ష్మీనర్సయ్య చెప్పాడు. అది కాగితంలో ఉందా అన్నాడు అధికారి. లేదు, అడిగారు గనుక చెప్పానన్నాడు. మాటలు ఉర్దూలో నడిచినా సూర్యనారాయణకు అర్థమయ్యాయి. చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

అధికారి మూతను కవరులో వేసి లక్క పెట్టించాడు. ఇంగ్లీషు కాగితాన్ని సూర్యనారాయణకు తిరిగి ఇచ్చేశాడు. నివేదిక మారుతుందని, ఆ మాట దవాఖానకు తనే ఫోను చేసి చెబుతానని అన్నాడు. లక్ష్మీనర్సయ్య వద్దన్నాడు. తను వెళ్లి చెబుతానన్నాడు. అధికారి ఒక్క నిమిషం ఆలోచించి సరేనన్నాడు. రేపటినుంచి షెడ్డుకు రావద్దని, తాళంచెవి ఇచ్చి వెళ్లమని చెప్పాడు. ఆ మాట మాత్రం ఆయన లక్ష్మీనర్సయ్యను చూడకుండా చెప్పాడు.

తాళంచెవి బల్ల మీద పెట్టి మెట్లు దిగాడు. వెనక సూర్యనారాయణ గొంతు వినిపించింది. ఇంగ్లీషులో ఏదో వివరిస్తున్నాడు, త్వరత్వరగా.

*

దవాఖాన చేరేసరికి పన్నెండు. పార్థసారథి మెలకువగానే ఉన్నాడు. స్టూలు మంచం పక్కనే ఉంది. లక్ష్మీనర్సయ్య కూర్చోలేదు. మంచం కాళ్ల వైపు నిలబడి మొత్తం చెప్పాడు. పేర్లు, రోజులు, మూత, గంధం, జేబు. నిన్న సాయంత్రం ఇక్కడికి వచ్చినప్పుడు కూడా అది జేబులోనే ఉందని చెప్పాడు.

పార్థసారథి అడ్డు రాలేదు. అంతా అయ్యాక పైలట్ అడగాల్సింది అడిగాడు.

"ట్యాంకు నిండుగా ఉందా?"

"నిండుగ ఉండె సార్. మెడ దాకా."

"నిండుగా ఉంటే లోపల గాలికి చోటుండదు. ఎంతసేపు నడుస్తుంది?"

"ఐదు నిమిషాలు, ఆరు. మా ఇంట్ల నూనె డబ్బకు ఒకటే బెజ్జం కొడితె గట్లనే. ధార వడుతది, సన్నవడుతది, ఆగుతది. రెండోది కొట్టాలె."

పార్థసారథి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఇంజను వేడెక్కడం రెండు. కొసకు వెళ్లడం ఒకటి. అక్కడ హెచ్చించి చూడటం ఒకటి. పరుగు. లేవడం. వేళ్లు సరిపోయాయి. చెయ్యి దుప్పటి మీద పడేశాడు.

"నేను చుట్టూ తిరిగి చూశాను. ఆ బొట్టూ చూశాను. బాగా నిలిచిందే అనుకున్నాను" అన్నాడు.

లక్ష్మీనర్సయ్య ఎదురుచూశాడు. తిడతాడేమోనని, ఫర్వాలేదంటాడేమోనని. రెండూ రాలేదు. ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. బయట అంబులెన్సు ఒకటి వెనక్కి వస్తోంది, ఎవరో రా రా అని కేకేస్తున్నారు. నర్సు వచ్చి జ్వరం చూసి రాసుకుని వెళ్లింది. లక్ష్మీనర్సయ్య చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. వెళ్లమనే మాటైనా వినాలి.

"నర్సయ్యా" అన్నాడు పార్థసారథి, ఇటు తిరగకుండానే.

"సార్."

"కొమురెల్లి పక్క వార్డులో ఉన్నాడు. నిన్న మాట వచ్చింది. నడుము ఎముక విరిగింది, నడుస్తాడో లేదో ఇంకా చెప్పలేదు. థ్రాటిల్ మీద నా చెయ్యి కింద వాడి చెయ్యి ఉంది. తనే లాగేశాననుకుంటున్నాడు. నన్ను చంపబోయానని ఏడుస్తున్నాడట, వాళ్ల నాన్న వచ్చి నాకు మొక్కి పోయాడు."

లక్ష్మీనర్సయ్య కట్టుకున్న చేతులు వదిలాడు.

"నాకు చెప్పావు. వెళ్లి వాడికీ చెప్పు."

పక్క వార్డులో పన్నెండు మంచాలున్నాయి. గోడ వైపు ఆఖరిది కొమురెల్లిది. మంచం పక్కన నేల మీద ఒక రైతు కూర్చుని, కొడుకు అరికాళ్లను రెండు చేతులతో రుద్దుతున్నాడు. రుద్దుతూ తెలుస్తున్నదా అని అడుగుతున్నాడు. కొడుకు మొహం గోడ వైపు తిప్పుకుని ఉన్నాడు. లక్ష్మీనర్సయ్య దగ్గరికి రావడం చూసి రైతు చోటిచ్చి జరిగాడు. పొదల్లోంచి తన కొడుకును బయటకు లాగింది ఈ మనిషేనని ఎవరో చెప్పి ఉంటారు. లేచి, రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు.

"నువ్వు గాకుంటె నా పోరడు దక్కకపోవు అన్నా. కూసో."

లక్ష్మీనర్సయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. నేల మీద కూర్చోలేదు. మంచం మీదికి వంగి కొమురెల్లి మొహం చూశాడు.

"కొమురెల్లీ, ఇటు చూడు. నువ్వు లాగలే బిడ్డా" అన్నాడు. తర్వాత రైతు వైపు తిరిగి, గొంతు తగ్గించకుండా, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.